కొనకొండ్ల బాటసారి: శ్రీ కుందకుందాచార్యులు

దిగంబర జైనుల ఇండ్లలో ప్రతి ఉదయమున చదువు మంగళశ్లోకములో మొదటి పేరు భగవాన్ మహావీరునిది. రెండవది గౌతమ గణధరునిది. మూడవది కుందకుందాచార్యులవారిది. తీర్థంకరునకును గణధరునకును ప్రక్కన నిలుపుటకు మన పెద్దలు ఎంచుకొన్న ఆ మూడవ పేరు నిజమునకు ఒక ఊరి పేరు. ఆ ఊరు మగధలో లేదు, సౌరాష్ట్రములో లేదు. గుంతకల్లు జంక్షనులో బండి మారుటకై మూటలమీద కూర్చుండి గంటలు లెక్కపెట్టిన మన వర్తకులెందరికో అది దక్షిణముగా కొద్ది మైళ్ల దూరముననే ఉన్నది. అనంతపురము జిల్లా, వజ్రకరూరు మండలములోని కొనకొండ్ల గ్రామమే అది.

అది సరిహద్దు సీమ. 1882లో అనంతపురము జిల్లాను విడదీయువరకు కొనకొండ్ల బళ్లారి జిల్లాలోనే ఉండెను. 1953లో ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఇటు వచ్చినవి. బళ్లారి అటు మైసూరు రాష్ట్రమునకు పోయినది. కాగితము మీద గీత పడినను సంతలో గీత పడలేదు. ఇక్కడివారు తెలుగున బేరము మొదలుపెట్టి కన్నడమున ముగింపగలరు. నేల కొన్నిచోట్ల నల్లరేగడి, కొన్నిచోట్ల ఎఱ్ఱనేల; నడుమ నడుమ గుండ్లు పేర్చినట్లుండు గుట్టలు. వాన తక్కువ, ఎండ ఎక్కువ. ఊరి పేరు పాత శాసనములలో కొండకుందె అని కనబడును. సంస్కృత పండితుల నోట అదియే కుందకుంద అయినది. ఆచార్యులవారి దీక్షానామము పద్మనంది. ఆ పేరుగల మునులు తరువాతి కాలమున అనేకులు కలరు. కాని ఊరి పేరే తన పేరైనవారు ఆయన ఒక్కరే.

ఆయనకు మొత్తము ఐదు పేర్లని సంప్రదాయము. వాటిని రాతిమీద చూడదలచినవారు హంపికి పోవలెను. విజయనగర ప్రభువైన రెండవ హరిహరరాయల దండనాయకుడు ఇరుగప్ప జైనుడు. ఆయన అచట 17వ తీర్థంకరుడైన కుంథునాథునకు రాతి ఆలయము కట్టించెను. జనులు దానిని గాణగిత్తి గుడి, అనగా గానుగామె గుడి అందురు. దాని ముందున్న ఎత్తైన స్తంభము మీది 1386 నాటి శాసనమున పద్మనందికి కుందకుందుడు, వక్రగ్రీవుడు, ఏలాచార్యుడు, గృధ్రపింఛుడు అను పేర్లును కలవని చెక్కబడియున్నది. వక్రగ్రీవుడనగా మెడ వంగినవాడు. వేళగాని వేళ గ్రంథములు చదువుటచే ఆయన మెడ వంగెనని ఒక కథ. గృధ్రపింఛుడనగా గ్రద్ద ఈకల పింఛము పట్టినవాడు. దారిలో నెమలిపింఛము జారిపోగా దొరికిన ఈకలతో పింఛము కట్టుకొనిరని ఇంకొక కథ. ఒకటి చదువును గూర్చినది, రెండవది ప్రయాణమును గూర్చినది. ఆయన జీవితమున ముఖ్యమైనవి ఈ రెండే.

పుట్టుకను గూర్చి మన కథాగ్రంథములలో ఒక చక్కని వృత్తాంతము కలదు. దక్షిణదేశమున ఒక ధనిక వర్తకుని ఇంట పశువుల కాపరి యొకడుండెను. ఒకనాడు అడవి అంతయు కార్చిచ్చున కాలిపోగా, నడుమ కొన్ని చెట్లు మాత్రము పచ్చగా నిలిచియుండుట వాడు చూచెను. దగ్గరకు పోగా అచట ముని నివసించిన చోటును, ఒక పెట్టెలో ఆగమ గ్రంథములును కనబడెను. వానికి చదువు రాదు. అయినను ఆ చెట్లు బ్రదికినది ఈ గ్రంథముల వలననే అని నమ్మి, భక్తితో ఇంటికి తెచ్చి దాచి పూజించెను. కొన్నాళ్లకు ఒక ముని ఆహారమునకై ఆ ఇంటికి వచ్చెను. యజమాని అన్నము పెట్టెను. కాపరి తనకున్న ఏకైక ధనమైన ఆ గ్రంథములను సమర్పించెను. సంతానము లేని ఆ యజమానికి కాపరియే మరుజన్మమున కుమారుడై పుట్టెననియు, అతడే కుందకుందాచార్యుడనియు కథ. అన్నదానము చేసిన వర్తకుని ఇంట శాస్త్రదానము చేసిన కాపరి పుట్టెనని చెప్పుటలో మన పెద్దల తూకము తెలియుచున్నది.

గురుపరంపరలను తెలుపు పట్టావళుల లెక్కలో ఆయన 11వ యేట ఇల్లు విడిచిరి. 33 సంవత్సరములు మునిగా మెలగి, 44వ యేట, క్రీ.పూ. 8లో, ఆచార్యపదము స్వీకరించిరి. 95 సంవత్సరములు దాటి జీవించిరి. ఆధునిక పండితులలో ఎ.ఎన్. ఉపాధ్యే ఆయనను క్రీస్తుశకారంభమునకు దగ్గరగా నిలిపిరి, ఎం.ఎ. ఢాకీ వంటివారు క్రీ.శ. 8వ శతాబ్ది వరకు తెచ్చిరి. ఇంత భేదము కలుగుటకు కారణము ఆయనయే. తన గ్రంథములలో తల్లిదండ్రుల పేర్లు చెప్పలేదు, ఊరు చెప్పలేదు, రాజు పేరు చెప్పలేదు. బోధపాహుడము చివర భద్రబాహు స్వామిని గురువుగా తలచి నమస్కరించిరి. అంతకు మించి తనను గూర్చి పలుకలేదు. 415 గాథల సమయసారము, 275 గాథల ప్రవచనసారము, 173 గాథల పంచాస్తికాయము, 187 గాథల నియమసారము: ఇవియే ఆయన విడిచిపోయిన ఆస్తి.

ఆయన ఏ దినమున ఏ దారిని నడచిరో ఎవరును వ్రాసిపెట్టలేదు. కాని ముని ఎట్లు నడువవలెనో ఆయనే విధించిరి. ప్రవచనసారమున మునికి 28 మూలగుణములను లెక్కించిరి: ఐదు మహావ్రతములు, ఐదు సమితులు, పంచేంద్రియ నిగ్రహము, ఆరు ఆవశ్యకములు, తల వెండ్రుకలు చేతితో పెరుకుకొనుట, దిగంబరత్వము, స్నానము చేయకుండుట, నేలమీద పరుండుట, పండ్లు తోముకొనకుండుట, నిలువబడి భుజించుట, దినమునకు ఒక్కమారే భుజించుట. ఈ నియమములను దగ్గర ఉంచుకొని, కొనకొండ్ల నుండి పడమరగా బళ్లారి వైపు ఆయన సాగిపోవు ఒక వేసవి దినమును తలచుకొన్నచో, ఆ మహాత్ముని జీవితము చాలవరకు కంటికి కనబడును. హంపి వరకు పోవలెనన్న అట్టి దినములు సుమారు వారము పట్టును. సమ్మేదశిఖరమునకైనను, గిరినారునకైనను పోవలెనన్న అట్టి దినములనే నెలల తరబడి కూర్చవలెను.

తెల్లవారక మునుపే మేల్కాంతురు. సామాయికము, ప్రతిక్రమణము ముగించుదురు. అయినను బాట పట్టరు. ఇతర బాటసారులు వేసవిలో ఎండకు వెరచి తెల్లవారుజామున, వెన్నెల రాత్రులలో నడతురు. ముని నడువరాదు. నేల కనబడవలెను, నేలమీది చీమయు కనబడవలెను. సూర్యుడు పైకి వచ్చి, మనుష్యులును పశువులును తొక్కిన బాట స్పష్టముగా తెలిసిన తరువాతనే మొదటి అడుగు. అనగా ఆయనకు చల్లని గంటలు దక్కవు. చీమకు రక్షణ కలుగవలెనన్న మునికి ఎండ తప్పదు.

చేత నెమలిపింఛము, కమండలువు. వస్త్రము లేదు, చెప్పులు లేవు, గొడుగు లేదు, వాహనము లేదు. చూపు యుగమాత్ర దూరమున, అనగా కాడిమాను పొడవంత, నాలుగు మూరల నేలమీద నిలుచును. నియమసారమున ఈర్యాసమితి యని చెప్పినది ఇదియే. దూరముగా చూచుచు పోవువాడు కాలి క్రిందిది చూడలేడు. కాలినే చూచుకొనువాడు ముందు వచ్చుదానిని తప్పింపలేడు. నాలుగు మూరలైనచో చూచుటకును ఆగుటకును సరిపోవును. నడచునప్పుడు మాటలాడరు. నీడ నుండి ఎండకు, ఎండ నుండి నీడకు మారునప్పుడు పింఛముతో ఒడలు మెల్లగా తుడుచుకొందురు; ఒకచోట ఉండదగిన సూక్ష్మజీవి ఇంకొకచోట చచ్చిపోవునేమో అని.

ఇంత జాగ్రత్త పడినను, బాటలో ఒక పురుగు చావదా? ఈ ప్రశ్న ఆచార్యులవారికి తెలియనిది కాదు. ప్రవచనసారమున ఆయన ఇచ్చిన తీర్పు నేటికిని మన ధర్మమునకు మూలస్తంభము. జీవి చచ్చినను, బ్రదికినను, అజాగ్రత్తగా మెలగువానికి హింస నిశ్చయమనిరి. జాగ్రత్తతో నడచువానికి, ప్రాణి నష్టపడినంత మాత్రమున బంధము లేదనిరి. పరధ్యానముగా నడచి, అదృష్టము కొలది ఒక్క చీమయు చావకుండ ఊరు చేరినవాడు హింసకుడే. ఇది వినుటకు సులభము. లెక్క చూచుకొనుటకు కష్టము. దుకాణమున మన తప్పులను నష్టము వచ్చినప్పుడే గుర్తింతుము. నష్టము రాకపోయినచో తప్పు లేదనుకొందుము. ఆచార్యులవారి ఖాతాలో అజాగ్రత్త పద్దు వేఱు, నష్టపు పద్దు వేఱు.

ఎండ ముదురును. బళ్లారి సీమలో వేసవి దినము 40 డిగ్రీలు దాటుట విశేషము కాదు. బాట దుమ్ము చెమటకు అంటుకొనును. స్నానము లేని మునికి ఆ దుమ్మే వస్త్రము. సమయసారమున ఆచార్యులవారు చెప్పిన దృష్టాంతము ఇట్టి బాటలు ఎరిగినవారికి తోచునది. ఒకడు ఒంటినిండ నూనె పూసికొని దుమ్ముగల చోట ఆయుధములతో సాము చేయుచు అరటి, తాడి చెట్లను నరుకును. వానికి దుమ్ము అంటుకొనును. దుమ్ము అంటుటకు కారణము ఆ చోటు కాదు, వాని చేతుల కదలిక కాదు, ఒంటి మీది నూనె. నూనె తుడిచికొని అదే చోట అదే పని చేసినచో అంటదు. అటులనే కర్మము అంటుకొనుట జీవుని రాగాదిభావముల వలననే గాని లోకమున తిరుగుట వలన కాదు. శ్రవణబెళగొళ శాసనమొకటి ఆయన నేలకు నాలుగు అంగుళములు పైగా సంచరించెడివారని చెప్పుచున్నది. అంతటితో ఆగక కారణమును కూడ ఊహించినది: లోపలను వెలుపలను తనకు రజస్సు అంటలేదని తెలుపుటకే అట్లు నడచిరట. రజస్సనగా దుమ్ము, రజస్సనగా రాగము కూడ. శాసనము చెక్కించిన భక్తులు ఆయన సమయసారమును బాగుగా చదివినవారు.

పూట ముదిరిన వేళకు ఒక పల్లె వచ్చును. దినమునకు ఒక్కమారు ఆహారము. పిలిచిన ఇంటి ముంగిట నిలువబడి, రెండు చేతులు దొప్పగా పట్టి, అందులో పెట్టినది తినవలెను. తనకొఱకు ప్రత్యేకముగా వండినది కూడదు. ముద్దలో వెండ్రుకయో, చచ్చిన పురుగో కనబడినచో అంతరాయము. చేతులు విడిచి, ఆకలితోనే మరలవలెను. నీరు త్రాగుటయు అప్పుడే. మరల నీరు మరునాటి ఆహారవేళకే. కమండలువులోని నీరు శౌచమునకు గాని దప్పికకు కాదు. ప్రక్కన బావి ఉండును, చెరువు ఉండును. బాటసారులందరు వంగి త్రాగుదురు. ఆయన వాటిని దాటిపోవుదురు. ఈ నియమమును నేటి మునులును బళ్లారి, గుంతకల్లు బాటలలో అటులనే పాటించుచున్నారు. వారి వెంట ఒక దినము నడచిన గృహస్థునకు ఇది పుస్తకములో చదివిన దానికంటె ఎక్కువగా తెలియును.

ఆహారము పెట్టిన గృహస్థునకు పుణ్యము. కాని ఆచార్యులవారు పుణ్యమును గూర్చి చెప్పిన మాట వర్తకులు తడవతడవకు తలచుకొనదగినది. ఇనుప సంకెల మనిషిని బంధించును. బంగారు సంకెలయు బంధించును. పాపము ఇనుపది, పుణ్యము బంగారుది. మోక్షము కోరువానికి రెండును సంకెలలే. పుణ్యము చేయవద్దని దీని అర్థము కాదు. చేసిన పుణ్యమును మెడలో వేసికొని అద్దమున చూచుకొనవద్దని అర్థము. సత్రము కట్టించి గోడమీద పేరు చెక్కించుకొనువారికి ఈ దృష్టాంతము గుచ్చుకొనును. తన గ్రంథములలో తనను గూర్చి దాదాపు ఏమియు చెప్పుకొననివారు ఈ మాట చెప్పిరి గావున దానికి బలము ఎక్కువ.

మధ్యాహ్న సామాయికము ముగిసి ఎండ వాలిన తరువాత మరల కొంత నడక. బాటల సంగతి ఆయనకు బాగుగా తెలుసుననుటకు సమయసారమే సాక్ష్యము. ఒక బాటమీద బాటసారులు దోపిడికి గురియగుదురు. జనులు ఆ బాట దోచబడుచున్నదని చెప్పుకొందురు. నిజమునకు ఏ బాటయు దోచబడదు. దోచబడువారు దానిమీద పోవు మనుష్యులు. అటులనే దేహపు రంగును, రూపమును చూచి, వ్యవహారమున వాటిని జీవునివిగా చెప్పుదురు. నిశ్చయమున జీవునకు అవి లేవు. దొంగల భయము గల దారులలో బిడారులు సాగిన కాలమున, శ్రోతలలో సరకుల మూటలు మోసినవారు కూర్చుండగా, ఈ దృష్టాంతము ఎంత తేలికగా లోపలికి దిగియుండునో ఊహింపవచ్చును.

నడకకే చెందిన మరియొక విషయమును ఆయన పంచాస్తికాయమున విడమరచిరి. చేప ఈదుటకు నీరు తోడ్పడును. నీరు చేపను త్రోయదు, పిలువదు. చేప కదలినప్పుడు మాత్రము సాయపడును. అట్లే లోకమున కదలు జీవములకును, పుద్గలములకును తోడ్పడు ద్రవ్యము ధర్మము. నిలుచువానికి భూమివలె తోడ్పడునది అధర్మము. ఇచట ధర్మాధర్మములనగా పుణ్యపాపములు కావు. కదలికకును నిలుకడకును ఆధారములైన ద్రవ్యములు. అడుగు వేయవలసినది నడచువాడే. లోకమంతయు సాయమునకు సిద్ధముగా ఉన్నను, ఎవరును ఇంకొకరి తరపున నడువలేరు.

సరిహద్దున పుట్టినవానికి రెండు భాషల అవసరము చిన్ననాడే తెలియును. సమయసారమున ఆచార్యులవారు చెప్పినది ఇది: మ్లేచ్ఛునకు వాని భాషలో గాక ఇంకొక భాషలో బోధించుట సాధ్యము కాదు, అటులనే వ్యవహార దృష్టిని ఆశ్రయింపక పరమార్థమును ఉపదేశించుట సాధ్యము కాదు. ఆయన వ్రాసినది తెలుగున గాదు, కన్నడమున గాదు, శౌరసేనీ ప్రాకృతమున. దేశమంతట తిరుగు మునులకు అది ఉమ్మడి భాష. ఆయన మావాడనుటకు ఆంధ్రులకును, కన్నడిగులకును, తమిళులకును తలకొక ఆధారము కలదు. వందవాసి దగ్గర పొన్నూరు కొండ మీద ఏలాచార్యుని పాదములని పూజలందుకొను చిహ్నములు ఉన్నవి. శివమొగ్గ జిల్లా తీర్థహళ్లి దగ్గర కుందాద్రి కొండ ఆయన తపస్సు చేసిన చోటని ప్రసిద్ధి. జన్మస్థానమునకు మాత్రము కొనకొండ్ల శాసనములే పలుకుచున్నవి. నడచిన మనిషికి అనేక ఊళ్లు ఉండును. తగవులాడుకొనుటకు కారణము లేదు.

సూర్యుడు వాలకమునుపే నడక ఆగును. ఊరి వెలుపల తోటయో, పాడుగుడియో, గుహయో బస. నేలమీద ఒక ప్రక్కకు పరుండి కొద్దిసేపు నిద్ర. ఆ దినమున ఎన్ని మైళ్లు సాగెనని లెక్క ఉండదు. ప్రతిక్రమణమున ఎచట చూపు చెదరెను, ఎచట అడుగు తొందరపడెను అను లెక్క ఉండును. వానాకాలము వచ్చినచో నాలుగు నెలలు ఈ నడకయు నిలిచిపోవును. తొలకరికి నల్లరేగడి కాళ్లకు పట్టుకొనును. ప్రతి పదనులో లెక్కలేని పురుగులు పుట్టును. అప్పుడు ఒకచోట నిలిచి చాతుర్మాసము గడపుదురు. అట్టి నిలుకడ దినములలోనే గ్రంథములు పుట్టియుండుట సహజము.

ఈ విధమైన దినములను కూర్చుకొని ఆయన ఎంత దూరము పోయిరో సంప్రదాయము పెద్దదిగా చెప్పును. ఊర్జయంతగిరి, అనగా గిరినారు వరకు సంఘముతో యాత్ర చేసిరని గురువావళులు వర్ణించును. విదేహక్షేత్రమునకు పోయి సీమంధరస్వామి సన్నిధిలో తత్త్వము వినివచ్చిరని నమ్మిక, క్రీ.శ. 10వ శతాబ్దివాడైన దేవసేనుడు దర్శనసారమున దానిని పేర్కొనెను. భక్తులకు అది నిజమైన యాత్ర. చరిత్రకారులకు అది ఆయన మాటపై మునిసంఘమునకు గల గౌరవమునకు గుర్తు. రెండు విధములను ఒక్క సంగతి తేలుచున్నది: ఆయన చెప్పినది ఎక్కడనో విని అప్పగించిన మాటవలె గాక, చూచివచ్చినవాని మాటవలె ఉండెను.

ఆయన పిమ్మట మునిసంఘములు తమ్ము కొండకుందాన్వయము వారమని చెప్పుకొనసాగిరి. ఒక మారుమూల పల్లె పేరు దక్షిణదేశపు శాసనములలో శతాబ్దుల తరబడి వంశనామము వలె మ్రోగెను. నియమసారమునకు వ్యాఖ్య వ్రాసిన పద్మప్రభ మలధారిదేవులు 1185లో దేహము చాలించినట్లు అదే అనంతపురము సీమలోని పాటశివరము శాసనము వలన తెలియుచున్నది. రాయదుర్గమున 1355లో భోగరాజను జైన వర్తకుడు శాంతినాథుని ప్రతిష్ఠించెను. అతని గురువు మాఘనంది కొండకుందాన్వయమువారు. కొనకొండ్లలోనే 1081 నాటి శాసనము కలదు. నాళికబ్బె అను స్త్రీ గతించిన తన భర్త జ్ఞాపకార్థము కట్టించిన చట్టజినాలయమునకు, సిందవాడి నాడు ఏలుచుండిన మహామండలేశ్వరుడు జోయిమయ్యరసు భూమి నిచ్చెను. ఆ శాసనమున ఊరిని కొండకుందె తీర్థము అనిరి. నడచిపోయిన మనిషి ఊరు, ఇతరులు నడచివచ్చు తీర్థమాయెను.

ఆయన మాటను తప్పుగా చదివినచో ఏమగునో చూపుటకు ఒక వర్తకుని కథయే చాలును. జౌన్‌పూరులో 1586లో పుట్టిన బనారసీదాసు రత్నముల వ్యాపారి, హిందీ కవి. సమయసారము చేతికి రాగా, ఆత్మ ఒక్కటే సత్యమని తెలిసికొని, పూజలు వ్రతములు మానివేసెను. దేవునికి పెట్టిన నైవేద్యమును తినెను; స్నేహితులతో గదిలో దిగంబరులై మునుల వేషము ఆడెను. ఈ సంగతులన్నియు తన ఆత్మకథయైన అర్ధకథానకమున దాపరికము లేక చెప్పుకొనెను. 1635 ప్రాంతమున రూపచందను పండితుడు గోమ్మటసారమును బోధింపగా కన్నులు తెరచి, మరుసటి యేడు సమయసార నాటకమును హిందీలో రచించెను. ఆత్మ నడువదని చదివి కాలిక్రింద చూచుట మానినవాడు ఆచార్యులవారి శిష్యుడు కాడు. ఆత్మ నడువదని చెప్పిన నోటనే కాలు ఎట్లు పెట్టవలెనో ఆయన విధించిరి. ఈ రెండు మాటలను విడదీయని వానికే ఆ గ్రంథము మేలు చేయును.

కొనకొండ్ల ప్రక్కనున్న చిన్న గుట్టమీద నిలుచున్న తీర్థంకర మూర్తులు ముక్కొడల క్రింద నేటికిని ఉన్నవి. పి.బి. దేశాయి 1957లో ప్రచురించిన తమ గ్రంథమున ఆ గుట్టను, శాసనములను వివరించి, ఇదియే కుందకుందుని ఊరని పండితలోకమునకు చూపిరి. పల్లెజనము మాత్రము ఆ మూర్తులు ఎవరివో మఱచి, గుట్టకు రససిద్ధుల గుట్ట యని పేరు పెట్టుకొనిరి. పాదరసముతో హీనలోహమును బంగారముగా మార్చు సిద్ధులు అచట ఉండిరని వారి తలంపు. బట్టయైనను లేక నిలుచున్న మనుష్యులను చూచి, వీరివద్ద బంగారము దాగియుండుననుకొనుట లోకము పోకడ. బంగారు సంకెలయు సంకెలయే యని చెప్పిన మహానుభావుని ఊరిలో అట్లు జరిగెను. తొలకరి వాన పడినంతనే వజ్రకరూరు చేలలో వజ్రములకై జనులు దిగుదురు. వంగి, నాలుగు మూరల నేలనే చూచుచు, అడుగు తీసి అడుగు వేయుదురు. చూపు అదియే. వెదకునది వేఱు.

ఆ చూపు మనకు కొత్తది కాదని, దానిని చీమ కొఱకు కూడ వాడవచ్చునని చెప్పుటయే ఆచార్యులవారి జీవితము. శిఖరజీకి, గిరినారునకు రైళ్లలో, కార్లలో పోవు సోదరులు దారిలో గుంతకల్లున దిగి కొనకొండ్ల చూచుట మంచిది. ఊరి బయటనే బండి నిలిపి, చెప్పులు విడిచి, గుట్ట వరకు నడువవలెను. మాటలాడక, తొందరపడక, నాలుగు మూరల నేలను చూచుచు నడువవలెను. అంత కొద్ది దూరములో ఎన్నిమార్లు చూపు చెదరెనో లెక్కపెట్టుకొన్నవానికి, ఎనుబది యేండ్లు దాటిన ఆ నడక ఎంతటిదో తెలియును.